చిల్లు మేజోడు

పోయినసారి మనం సైరన్‌ని దర్జీగారి మేడ మెట్ల మీద వదిలేశాం. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకుంటూ, వెనక కూతురు, ఆ వెనక బావమరిది ఎక్కి వస్తుంటే, పై మెట్టు మీద అడుగు పెట్టబోతున్నాడు. వచ్చింది పిల్ల పెళ్ళి మాట్లాడుకోవడానికి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పుకోవాలి. సైరన్ అసలు పేరు వాళ్ళావిడకి కూడా చప్పున గుర్తుకు రాదు. ఏటి అవతలి పల్లెల నుంచి పట్నం సరుకుల యార్డుకి బస్తాలు మోయడానికి వచ్చే ముఠాకి అతను కూతగాడు. అతను కూత పెడితే ముఠా అంతా ఒక్కసారి వంగుతుంది, ఒక్కసారి ఎత్తుతుంది. యార్డులో ఒక నీడ అరుగుంది. తిన్నాక ముఠా అక్కడే నడుం వాలుస్తుంది. ఒకరోజు బజారు వీధి మగాళ్ళంతా చొక్కా చేతులు మడుచుకుని వచ్చి, అరుగు మాది, లేవండి అన్నారు. మాటా మాటా పెరిగింది. సైరన్ తనవాళ్ళని పోగు చేద్దామని గొంతెత్తాడు. తప్పంతా అక్కడే జరిగింది. అలవాటు కొద్దీ నోటికి బస్తాల కూత వచ్చేసింది.

ఆ కూత చెవిన పడ్డాక ముఠావాళ్ళ చేతులు ఇంకో పని చెయ్యవు. కొట్టాల్సినవాళ్ళు కొట్టడం మానేసి, వంగి, ఎవడికి ఎదురున్నవాణ్ణి వాడు వీపు మీద వేసుకుని, తీసుకెళ్ళి గోడవారగా పేర్చేశారు. బస్తా మూతి గోడవైపు, అడుగు బయటికి పెట్టడం వాళ్ళ పద్ధతి, గింజ కారిపోకుండా. మనుషుల్నీ అదే పద్ధతిలో పేర్చారు. తలలు లోపలికి, కాళ్ళు బయటికి. అందుకే ఆ రోజు ఓడిపోయినవాళ్ళ మొహాలు ఎవరికీ తెలియవు. కాళ్ళు మాత్రం ఊరందరికీ తెలుసు.

దాని మీద పాట పుట్టింది. ఏరు దాటింది, మళ్ళీ ఇవతలికి వచ్చింది. ఇప్పుడు ఓడిన పట్నంలోనే పిల్లలు బడికి పోతూ పాడుకుంటున్నారు. ఈ హడావుడిలోనే, బస్తాల మూతులు కుట్టే సైరన్ కూతురు దారం కొనడానికి వెళ్ళి వెళ్ళి, దర్జీగారబ్బాయిని చూసి చూసి, ఇక కొనడానికి దారం లేదు, దాచడానికి మాట లేదు అన్నంతదాకా తెచ్చుకుంది. దర్జీగారే కబురంపారు, మా ఇంటికి రండి, మాట్లాడుకుందాం అని.

పిల్ల తల్లి రాలేదు. "నేనొస్తే మీ ఇద్దరి నోళ్ళూ పట్టుకుని కూర్చోవడంతోనే సరిపోతుంది. కుదిరితే కబురు పెట్టండి, వస్తాను," అంది. ఎంత ముందుచూపున్న మనిషో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

సరే, పై మెట్టు ఎక్కాడు సైరన్.

దర్జీగారిల్లు కింద దుకాణం, పైన కాపురం. ముందుగది చిన్నది. గోడకి ఆనించి ఒక సోఫా, దానికి కప్పిన దుప్పటి నాలుగు రకాల గుడ్డముక్కలతో కుట్టింది, ఒక్క ముడత లేదు. అందరూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. సైరన్ బావమరిది చెప్పులు విడిచాక గది మొత్తం పక్కకి జరిగి చోటిచ్చినట్టయింది. అతన్ని యార్డులో క్రేన్ అంటారు. రెండు బస్తాలు ఒకేసారి మోస్తాడు, మూడో బస్తా గురించి అడిగితే ఆలోచిస్తాడు. సోఫాలో కూర్చోమంటే, "వద్దులెండి, మళ్ళీ లేచేసరికి అది లేవదు," అని నేల మీదే కూర్చున్నాడు.

దర్జీగారిని అందరూ మాస్టారు అంటారు. సన్నగా, నిటారుగా ఉంటాడు. మెడలో టేపు ఇంట్లో కూడా తియ్యడు. సైరన్ కంట పడ్డది టేపు కాదు, కాళ్ళు. ఇంత ఎండలో, సొంత ఇంట్లో, ఆయన నల్ల బూట్లు వేసుకుని, లేసు బిగించి కూర్చున్నాడు. పట్నంలో మర్యాద ఇదేమో, మనమే తొందరపడి విడిచేశామేమో అని సైరన్ తన ఉత్త కాళ్ళని సోఫా కిందికి లాక్కున్నాడు.

"ప్రయాణం బాగా జరిగిందా?" అన్నారు మాస్టారు.

"బ్రహ్మాండంగా జరిగింది బావగారూ."

"బావగారు ఇంకా అవలేదు," అన్నారు మాస్టారు, నవ్వుతూనే. "ముందు టీ తాగండి."

టీ తాగారు. మాట్లాడాల్సినవన్నీ చక్కగా మాట్లాడుకున్నారు. పిల్ల కుట్టుపని మాస్టారికి నచ్చింది. గోనెసంచి మీద ఆమె వేసిన కుట్టుని భూతద్దం పెట్టి చూసి, "చెయ్యి బరువుగా ఉంది గానీ వంకర లేదు," అన్నారు. ఆయన నోట అంతకన్నా పొగడ్త రాదని ఆయన కొడుకు కళ్ళతోనే పిల్లకి చెప్పాడు. ఆ అబ్బాయి పొద్దున్నుంచీ తలుపు పక్కన నిలబడి చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నాడు. కూతురు అతని వైపు చూడకుండా చూడటం గమనించి, సైరన్‌కి గుండె నిండిపోయింది. ఈ పిల్ల అడిగింది ఇదొక్కటే. దీన్ని ఎలాగైనా దీని చేతిలో పెట్టాలి అనుకున్నాడు.

అప్పుడు లోపలి గదిలోంచి మామ్మగారు వచ్చారు. మాస్టారి తల్లి. చూపు కాస్త మందగించింది గానీ, చెవులు మాత్రం వీధి చివరిదాకా పోతాయి.

"ఆ పాట కట్టినాయన వచ్చాడటగా, ఎవరు బాబూ మీలో?" అంది.

సైరన్ లేచి నిలబడ్డాడు. పొగిడినప్పుడు కూర్చుని ఉండటం అతనికి చేతకాదు.

"కింద టీకొట్టువాడు రోజూ పాడతాడు. నాకు సగమే వచ్చింది. మిగతా సగం నువ్వు అందుకో," అని మామ్మగారు మొదలుపెట్టేసింది.

*అరుగు మాదే లెమ్మనంటూ అరిచి వచ్చిన పట్నమోళ్ళను*
*బరువు ఎంతో చూడకుండా భుజానెత్తితిమోయ్, హొయ్,*
*మూతి లోనికి, కాళ్ళు బైటికి, మూడు వరసలు పేర్చి పెడితిమి,*
*మూటలైతే మాటలాడవు, ఇవి తిట్టెనోయ్.*

సైరన్ ఆపుకుందామనే అనుకున్నాడు. కానీ ఒకరు పాట ఎత్తాక నోరు మూసుకుని నిలబడటం కూతగాడి వల్ల అయ్యే పని కాదు. అందుకున్నాడు. క్రేన్ నేల మీద నుంచే హొయ్ కొట్టాడు. టీకప్పులు కదిలాయి. మామ్మగారు చేతులు తిప్పుతూ అసలు చరణానికి వచ్చింది. దేశమంతా ఎగబడి నవ్వేది ఆ చరణం దగ్గరే.

*నడిమి వరసన ఒక్క కాలికి నల్ల బూటే ఊడిపోయెను,*
*చిల్లు మేజోడెవరిదో గాని చిత్రమన్నా, హొయ్,*
*బొటనవేలే బుర్ర బయటికి పెట్టి నాలుగు దిక్కులు చూసి,*
*'వెళ్ళినారా పల్లెవాళ్ళ'ని పలకరించెనురోయ్.*

మామ్మగారు తన బొటనవేలిని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూపించింది. ఆవిడ నవ్వుకి దగ్గు కూడా వచ్చింది. మనవడు నవ్వాడు, క్రేన్ నవ్వాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. కందగడ్డలా ఎర్రబడ్డ మొహంతో లేచి, "మీరొకసారి ఇలా రండి. లోపల గుడ్డలున్నాయి, చూపిస్తాను," అన్నారు సైరన్‌తో.

గుడ్డలు చూడటానికి తలుపు గడియ పెట్టడం ఎందుకో సైరన్‌కి అర్థం కాలేదు.

అది కత్తిరింపు గది. నడుం ఎత్తు బల్ల, బల్ల మీద సుద్దముక్కలు, మూరెడు కత్తెర. తాడుకి చేతులు లేని చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. మాస్టారు మాట్లాడకుండా స్టూలు మీద కూర్చుని, ఎడమ కాలి లేసు విప్పారు. బూటు తీశారు. మేజోడు తీశారు. కొత్తది, చిల్లు లేదు. కాలు ఎత్తి బల్ల అంచున పెట్టారు.

"చూడండి," అన్నారు.

సైరన్ చూశాడు. బొటనవేలు కాస్త పక్కకి వంగి, ఎవరినో పలకరిస్తున్నట్టుగా ఉంది. ఆ రోజు యార్డులో ముఠా అంతా దాని చుట్టూ గుమిగూడి కడుపు పట్టుకుని నవ్వారు. పోల్చుకోవడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు.

నవ్వు పొట్టలోంచి బయలుదేరింది. గొంతుదాకా వచ్చింది. సైరన్ దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని, వేలాడుతున్న చొక్కాల్లో ఒకదాని వెనక మొహం దాచుకున్నాడు. ఇప్పుడు నవ్వితే పిల్ల పెళ్ళి పోతుంది అని తనకి తాను గట్టిగా చెప్పుకుంటే తప్ప అది దిగలేదు.

"నవ్వండి, ఫరవాలేదు. అందరూ నవ్వుతున్నారు. మా అమ్మ నవ్వడం మీరు చూశారుగా. ఆవిడకి తెలియదు. మావాడికి తెలియదు. మీరు పేర్చినవాళ్ళలో ఎవరికీ తెలియదు, అందరి తలలూ గోడవైపేగా," అన్నారు మాస్టారు. "దర్జీనండీ నేను. ఊళ్ళో చిరిగిన ప్రతిదీ నా దగ్గరికే వస్తుంది. ఆ సాక్సు నాదని తెలిస్తే రేపటి నుంచి చొక్కా ఇచ్చేవాడుంటాడా? అప్పట్నుంచీ ఇంట్లో కూడా బూట్లతోనే తిరుగుతున్నాను. కాళ్ళు ఉడికిపోతున్నాయి."

సైరన్‌కి నవ్వు పోయింది. ఆ స్థానంలో జాలి వచ్చింది.

"ఇంకోటి వినండి. నేను కొట్లాటకి రాలేదు. విడదీయడానికి వచ్చాను. బాబూ ఆగండి, ఆగండి అంటున్నాను. అంటూ ఉండగానే నా కాళ్ళు నేల మీద లేవు."

"అయ్యో. ఆ మాట పాటలో పెట్టేస్తాను. విడదీయ వచ్చిన పెద్దమనిషిని కూడా..."

"పెడితే అది నేనని తెలిసిపోదూ? వచ్చినవాళ్ళలో విడదీయడానికి వచ్చింది నేనొక్కణ్ణే," అన్నారు మాస్టారు.

సైరన్ తల గోక్కున్నాడు.

"ఆ చరణం తీసెయ్యండి. అంతే నేనడిగేది," అన్నారు మాస్టారు.

"నా చేతుల్లో లేదు మాస్టారూ. ఇప్పుడు ముఠా ఆ పాట మీదే బస్తాలు ఎత్తుతోంది. ఆ చరణంలో హొయ్ దగ్గరే బరువు లారీ మెట్టెక్కుతుంది. అది తీసేస్తే బస్తా సగంలో ఆగుతుంది, కింద మనిషుంటాడు. పోనీ మావాళ్ళని ఆపినా, మీ కింద టీకొట్టువాణ్ణి ఎవరాపుతారు?"

మాస్టారు చేతిలో ఉన్న మేజోడుని మడిచి బల్ల మీద పెట్టారు.

"సరే. పాట పోదు. కానీ నన్ను ఇంత అల్లరి చేసినవాడితో కలిసి కూర్చుని భోంచెయ్యలేను, వియ్యమందలేను. ఆ చరణం కట్టింది మీరేనా? నిజం చెప్పండి. కాకపోతే ఎవరో చెప్పండి, వాణ్ణొక్కణ్ణి పెళ్ళికి రావద్దంటే నాకు చాలు," అన్నారు.

పాటంతా సైరన్ కట్టిందే, ఆ ఒక్క చరణం తప్ప. అది ఎవరు కట్టారో అతనికి బాగా తెలుసు. ఆ సాయంత్రం యార్డులో బస్తా మూతి కుడుతూ, సూది నోట్లో పెట్టుకుని, పకపకా నవ్వుతూ కట్టింది. దాన్ని పెళ్ళికి రావద్దంటే ఇంక పెళ్ళెవరికి? సైరన్ ఛాతీ విరిచాడు.

"నేనే కట్టాను," అన్నాడు.

"అయితే ఈ సంబంధం..."

గడియ అంటే మాస్టారి ఉద్దేశంలో గడియే. కానీ తలుపు అవతల క్రేన్ భుజం ఆనించి నిలబడ్డాడని ఆయనకి తెలియదు. తలుపు, గడియతో సహా, మర్యాదగా తెరుచుకుంది. పిల్ల లోపలికి వచ్చింది. క్రేన్ కొంత లోపలికి, మిగతా బయటా నిలబడ్డాడు.

"నాన్న కట్టలేదు మాస్టారూ. ఆ చరణం నాది," అంది పిల్ల.

మాస్టారు కాలు దాచుకోబోయారు. ఆలస్యమైంది. క్రేన్ బల్ల మీదికి వంగి, చూసి, ఒక పాత స్నేహితుణ్ణి సంతలో చూసినట్టు మొహం విప్పార్చాడు.

"మీరా బాబూ అది! మిమ్మల్ని మోసింది నేనే," అన్నాడు. "మిగతావాళ్ళు గిలగిలా కొట్టుకున్నారు. మీరు మాత్రం ఎంత బుద్ధిగా ఉన్నారో. వీపు మీద మీలాగా కుదురుగా కూర్చున్న సరుకు నేను మళ్ళీ చూళ్ళేదు."

అది పొగడ్తో కాదో తేల్చుకోలేక మాస్టారు కాసేపు అతన్నే చూశారు.

"తప్పు నాది. మొహం కనపడలేదు కదా, ఎవరికీ తగలదులే అనుకున్నాను. తగిలింది. మనసారా చెబుతున్నాను, క్షమించండి. మీరు వద్దంటే నేను వెళ్ళిపోతాను. అబద్ధం చెప్పి మాత్రం ఈ ఇంటికి రాలేను," అంది పిల్ల.

గుమ్మం అవతల దర్జీగారబ్బాయి చొక్కా గుండీ ఊడి చేతిలోకి వచ్చేసింది. అతను దాన్ని అలాగే పట్టుకుని తండ్రి మొహం చూస్తున్నాడు.

మాస్టారు లేచారు. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి లేదు. నడక కాస్త ఎగుడుదిగుడుగా సాగింది. కిటికీ దాకా వెళ్ళి, కింద బజారు వైపు చూసి, తిరిగి వచ్చారు.

"నీ మీద నాకు కోపం లేదు, నిజం చెప్పావు," అన్నారు. "కానీ నా మాట కూడా ఆలోచించు. రేపు నువ్వీ ఇంటి పిల్లవి. ఈ వీధి నీది. ఈ వీధివాళ్ళు తల ఎత్తుకుని నడిచి చాలా రోజులైంది. వీధిలో ఎవడు కొత్త బూట్లు కొన్నా అందరూ వాడి కాళ్ళ వైపే చూస్తున్నారు. పాట తియ్యలేనంటున్నారు, సరే. దానికి ఇంకో చరణం కట్టు. చివరి చరణం. అందులో మేము గెలవాలి. పెళ్ళిలో అందరి ముందూ నువ్వే పాడాలి. అలాగైతే ఈ సంబంధం ఖాయం."

సైరన్ కూతురి వైపు చూశాడు. ఈ పాట తప్ప ముఠావాళ్ళు గర్వంగా చెప్పుకునేది ఇంకేం లేదు. పొద్దున్నుంచీ బస్తాలు మోసి, వంగిన నడుంతో ఏరు దాటేటప్పుడు, అది పాడుకునే వాళ్ళు నిటారుగా నడుస్తారు. అది ఓటమి పాటైపోతే వాళ్ళ మొహం ఎలా చూడాలి? పోనీ కూతురు కాదంటే దాని మొహం ఎలా చూడాలి?

"కడతాను," అంది పిల్ల.

పిల్ల అత్తారింటికి పోతుందని సైరన్ మనసు ఎప్పుడో సిద్ధం చేసుకున్నాడు. పాటలోంచి కూడా వెళ్ళిపోతుందని అనుకోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"కానీ మాస్టారూ," అంది పిల్ల, "జరగనిది పాటలో పెట్టడం మా నాన్న నాకు నేర్పలేదు. వేలి చేత మాట్లాడించామంటే, అక్కడ నిజంగా వేలుంది కాబట్టి. మీరు గెలిచారని పాడాలంటే మీరు గెలవాలి."

"ఎవరి మీద?"

"మావాళ్ళ మీద. అదే అరుగు దగ్గర. దెబ్బలొద్దు, తిట్లొద్దు. ఆ రోజులాగే ఎత్తడం, పేర్చడం. ఎవరు ఎవర్ని పేరిస్తే వాళ్ళు గెలిచినట్టు."

మాస్టారు క్రేన్‌ని కింది నుంచి పైదాకా చూశారు. అలవాటు కొద్దీ చెయ్యి టేపు మీదికి వెళ్ళింది.

"ఈయన్ని మేము ఎత్తడమా?" అన్నారు.

"ఎత్తొచ్చు. మావయ్యని నేనూ మా అమ్మా కలిసి మంచం మీద నుంచి లేపుతాం రోజూ," అంది పిల్ల. "ఆ రోజు మావాళ్ళు బలంతో గెలవలేదు మాస్టారూ. మీవాళ్ళు తలోపక్కకీ తోశారు, మావాళ్ళు ఒక్క కూతకి వంగారు. అంతే తేడా. మీకు కూత లేదు."

"ఇప్పుడు మాత్రం ఎక్కడుంది?"

"నేనున్నాగా."

సైరన్ తల ఎత్తాడు. ముఠాలో తన తర్వాత కూత ఎవరిదంటే ఈ పిల్లదే. తనకి జ్వరం వచ్చిన రోజుల్లో లారీలు నింపించింది ఇదే. ఎక్కడ గుక్క ఆపాలో, ఎక్కడ గొంతు పెంచితే ముఠా చేతులు వాటంతటవే లేస్తాయో, అన్నీ దీనికి తనే నేర్పాడు, భుజాన ఎక్కించుకుని మరీ. క్రేన్ ఆ గొంతు వింటే కలలో ఉన్నా లేచి వంగుతాడు. ఎదురుపక్క నుంచి అదే గొంతు వస్తే ముఠా ఎవరి మాట వింటుంది, తనదా, దీనిదా?

"సరే, నాకు సమ్మతమే. ఈ వీధివాళ్ళని నేను పోగు చేస్తాను," అన్నారు మాస్టారు నెమ్మదిగా. చాలా రోజుల తర్వాత ఆయన కాలివేళ్ళకి గాలి తగులుతున్నట్టుంది, మొహం తేటపడింది.

"ఏమే," అన్నాడు సైరన్. ఊరంతా వినపడే అతని గొంతు ఆ గదిలో బల్ల అవతలికి కూడా సరిగ్గా చేరలేదు. "నేను నేర్పిన కూత, నా మీదే కూస్తావా?"

"నీ మీదే నాన్నా," అంది పిల్ల. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, మొహం నిండా నవ్వుంది. "గొంతు జాగ్రత్తగా చూసుకో. నేను తగ్గను."